కవచం ఎంతవరకు కాస్తుంది?

ఎక్కడైనా రెండు రైళ్లు ఢీకొన్నాయన్న వార్త రాగానే మొదట వినిపించే ప్రశ్న ఒకటే: రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ ఆ మార్గంలో ఉందా? ఉండి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవని కొందరు, ఇంత ఖర్చు పెట్టినా ప్రమాదాలు ఆగడం లేదు కదా అని మరికొందరు వాదనకు దిగుతారు. రెండు వాదనల అడుగునా ఉన్నది ఒకే నమ్మకం. కవచం అంటే ఒంటిని నిలువెల్లా కప్పి ఏ దెబ్బనూ తగలనివ్వనిదని. ఇదే నమ్మకం తూటాలను ఆపే జాకెట్ మీదా, నెత్తిన పెట్టుకునే హెల్మెట్ మీదా, ఆరోగ్య బీమా మీదా కనిపిస్తుంది. ఆ మాటను ఇప్పుడు ఇన్ని చోట్ల వాడుతున్నారు కాబట్టి, ఏ కవచం దేన్ని ఆపుతుందో, ఎక్కడ ఆగిపోతుందో విడివిడిగా చూడడం అవసరం.

క్లుప్తంగా

ప్రతి కవచమూ ఫలానా చోటుకు, ఫలానా దెబ్బకు అడ్డుగా తయారైంది. ఆ పరిధి దాటితే అది పనిచేయదు. రైళ్ల కవచ్ సిగ్నల్‌ను మీరకుండా, వేగం మించకుండా ఆపుతుంది. సిగ్నల్ వ్యవస్థే తప్పు చెబితే దాన్ని కనిపెట్టలేదు. జాకెట్‌కూ హెల్మెట్‌కూ బీమాకూ ఇలాంటి హద్దులే ఉన్నాయి. రక్షణకు అయ్యే ఖర్చు డబ్బు రూపంలోనే కాక బరువు, వేగం, ఎదుగుదల రూపంలోనూ ఉంటుంది.

ఒర, డిప్ప, పెంకు, కవచం

యుద్ధానికి వెళ్లేవాడు ఒంటికి తొడుక్కునే రక్షణ అన్నది కవచం అనే మాటకు తొలి అర్థం. సంస్కృతంలో వర్మ, తనుత్రాణం అన్నా అదే. రాజుల పేర్ల చివర వచ్చే వర్మ ఈ వర్మే. పాత తెలుగు కావ్యాల్లో జోడు, మైమఱువు అనే మాటలు ఇదే అర్థంలో కనిపిస్తాయి. తలకు శిరస్త్రాణం, వేళ్లకు అంగుళిత్రాణం వేరేగా ఉండేవి. అంటే ఆనాటి యోధుడి రక్షణ కూడా ముక్కలు ముక్కలుగానే ఉండేది. ఒక్క కవచం తొడుక్కుంటే సరిపోయేది కాదు.

ఇంటి వాడుకలో కప్పి ఉంచే వస్తువులకు తెలుగులో దేని పేరు దానికే ఉంది. కత్తికి ఒర, దిండుకు గలీబు, పుస్తకానికి అట్ట, తాబేలుకు డిప్ప, గుడ్డుకు పెంకు, నత్తకు గుల్ల, పండుకు తొక్క. వీటిలో దేన్నీ మామూలుగా కవచం అనరు. దుమ్ము పడకుండా వేసే గుడ్డనూ అనరు. ఎదురుగా హాని చేసేది ఒకటి ఉందనీ, దాని దెబ్బను కాచుకోవాలనీ అనిపించినప్పుడే ఆ మాట నోటికి వస్తుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి ఓజోన్ పొర భూమికి రక్షణ కవచమైంది. మొలకను ఎండ నుంచీ పురుగు నుంచీ కాపాడుతుంది కాబట్టి గింజ పైపొరను పాఠ్యపుస్తకాలు బీజకవచం అన్నాయి. శత్రువు ఎవరో తెలియకుండా కవచం గురించి మాట్లాడడం కుదరదు. ప్రభుత్వాలూ సంస్థలూ తమ పథకాలకూ యంత్రాలకూ ఈ పేరు పెట్టేటప్పుడు వదిలేస్తున్నది సరిగ్గా ఆ భాగాన్నే.

భారతం చెప్పిన హద్దులు

కవచం అనగానే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది కర్ణుడు. సహజ కవచ కుండలాలతో పుట్టినవాడు. అవి ఒంటి మీద ఉన్నంతకాలం అతనికి చావు లేదు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడుగుతాడని సూర్యుడు కలలో ముందే హెచ్చరిస్తాడు. అయినా కర్ణుడు కాదనలేదు. తెలుగు భారతంలో ఈ ఘట్టం ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషంలో వస్తుంది. చర్మంతో పాటే పుట్టిన కవచాన్ని కోసి ఇచ్చి, బదులుగా ఒక్కసారే పనికొచ్చే శక్తి ఆయుధాన్ని తీసుకున్నాడు. ఎప్పటికీ నిలిచే రక్షణను ఇచ్చి ఒక్కసారి వాడే అస్త్రాన్ని పుచ్చుకున్న ఆ మార్పిడి కర్ణుడి కథనే మలుపు తిప్పింది. ఆ అస్త్రం చివరికి అర్జునుడి మీదికి కాక ఘటోత్కచుడి మీదికి పోయింది.

అంతగా ప్రచారంలో లేని మరో ఘట్టం ఈ విషయానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ద్రోణపర్వంలో, సైంధవుణ్ణి చంపి తీరతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేసి దూసుకొస్తున్న రోజున, ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రపూతమైన కవచం కడతాడు. వృత్రాసురుణ్ణి ఎదుర్కొనేందుకు శివుడు ఇంద్రుడికి ఇచ్చిన కవచం, గురుపరంపరలో ద్రోణుడి దాకా వచ్చింది. అర్జునుడి బాణాలు దానికి తగిలి పడిపోతుంటాయి. కృష్ణుడికే ఆశ్చర్యం వేస్తుంది. అర్జునుడు మాత్రం విషయం గ్రహించి గురి మారుస్తాడు. గుర్రాలను, సారథిని, విల్లును కొట్టి, కవచం కప్పని అరచేతుల మీద బాణాలు నాటుతాడు. దుర్యోధనుడి ప్రాణం పోలేదు, కానీ పోరాడే శక్తి పోయింది. కవచాన్ని ఛేదించాల్సిన అవసరమే రాలేదు. అది ఎక్కడ ముగుస్తుందో కనిపెట్టడమే చాలింది.

కవచ స్తోత్రాల అల్లిక కూడా ఈ కోణంలో గమనించదగ్గది. వాటిలో మొత్తంగా కాపాడమనే ప్రార్థన ఒక్కటే ఉండదు. తల, నుదురు, కళ్లు, చెవులు, గొంతు, భుజాలు, గుండె, మోకాళ్లు అంటూ ఒక్కో అవయవాన్నీ ఒక్కో నామానికి అప్పగిస్తారు. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి ఉపదేశించిన నారాయణ కవచంలో చోటు, వేళ కూడా విడదీసి ఉంటాయి. నీళ్లలో మత్స్యమూర్తి, నేల మీద వామనుడు, ఆకాశంలో త్రివిక్రముడు, అడవిలోనూ యుద్ధభూమిలోనూ నరసింహుడు, దారిలో వరాహమూర్తి, కొండ కొమ్మున పరశురాముడు. పోతన భాగవతంలోని ఈ స్కంధాన్ని తెలుగు చేసింది ఏర్చూరి సింగన. విశ్వాసం సంగతి ఎవరిది వారిదే. ఆ స్తోత్రాలు కూర్చినవారు మాత్రం ఏ చోటునూ వదలకుండా పేరుపేరునా చెప్పారు. చెప్పకుండా వదిలేసిన చోటు కాపలా లేనిదవుతుందన్న ఎరుక ఆ అల్లికలో ఉంది.

గుడిలో కవచం ఎవరి నుంచి?

గుళ్లలో దేవతామూర్తులకు వెండి, బంగారు కవచాలు తొడుగుతారు. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద దసరా అలంకారాల్లో స్వర్ణకవచాలంకృత దుర్గాదేవి ఒకటి. చూసేవారికి అది అలంకారం, మొక్కుబడి, వైభవం. దేవుడికి రక్షణ ఎందుకన్న సందేహమూ కొందరికి కలుగుతుంది.

దానికి తిరుమలలో ఏటా జరిగే జ్యేష్ఠాభిషేకం నుంచి సూటి సమాధానం దొరుకుతుంది. జ్యేష్ఠ మాసంలో 3 రోజులు సాగే ఈ ఉత్సవంలో శ్రీదేవి, భూదేవి సమేత మలయప్పస్వామి ఉత్సవమూర్తులకు ఏడాదిగా ఉన్న బంగారు కవచాన్ని తీసి అభిషేకం చేస్తారు. మొదటి రోజు వజ్ర కవచం, రెండో రోజు ముత్యాల కవచం, మూడో రోజు మళ్లీ స్వర్ణ కవచం తొడుగుతారు. ఆ స్వర్ణ కవచం మరుసటి ఏడు జ్యేష్ఠాభిషేకం వరకు అలాగే ఉంటుంది. నిత్యం జరిగే ఉత్సవాలు, ఊరేగింపులు, తిరుమంజనాల వల్ల ప్రాచీనమైన మూర్తులు అరిగిపోకుండా చూడడమే దీని ఉద్దేశమని ఆలయ సంప్రదాయం చెబుతుంది. ఇక్కడ శత్రువు పాలు, పెరుగు, నీళ్లు, చేతి స్పర్శ. భక్తితో చేసే సేవే కొన్ని వందల ఏళ్లకు లోహాన్ని తినేస్తుందని గుర్తించి, దానికి అడ్డుగా పెట్టిన పొర అది. ఏడాదికోసారి తీసి, శుద్ధి చేసి, చూసుకుని మళ్లీ తొడగడం ఆ పద్ధతిలోనే ఉంది. కవచం తొడిగి మర్చిపోవడం కాకుండా దానికి తనిఖీ కూడా ఉండాలన్న ఆలోచనకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

పట్టాల మీద కవచ్

రైళ్ల కవచ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1999 ఆగస్టులో గైసాల్ వద్ద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొని వందల మంది చనిపోయిన తరవాత, కొంకణ్ రైల్వేలో బి.రాజారామ్ నాయకత్వంలో ఢీకొనడాన్ని నివారించే పరికరం తయారైంది. దానికీ రక్షా కవచ్ అనే పేరు ఉండేది. అది ఉపగ్రహాల ద్వారా రైలు ఎక్కడుందో తెలుసుకునేది. పక్కపక్కనే ఉన్న రెండు పట్టాల్లో రైలు దేని మీద ఉందో తేల్చుకోవడం ఆ పద్ధతిలో కష్టమైంది. ఆ అనుభవం తరవాత వచ్చిన రూపకల్పనలో పట్టా మీదే గుర్తులు అమర్చే మార్గం ఎంచుకున్నారు.

లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఇప్పటి కవచ్‌ను రూపొందించింది. పరికరాలు తయారు చేసిన తొలి మూడు సంస్థలు, మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌కు చెందినవే. లింగంపల్లి, వికారాబాద్, వాడి, బీదర్ మధ్య దక్షిణ మధ్య రైల్వే మార్గంలో తొలి పరీక్షలు జరిగాయి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. 2020 జులైలో దీన్ని జాతీయ రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. రెండో ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో కవచ్ బండిని దానంతట అదే ఆపింది. టీవీల్లో ఆ దృశ్యం చూసినవారికి ఇక రైళ్లు ఢీకొనవన్న భావన బలంగా నాటుకుంది.

పనితీరు ఇలా ఉంటుంది. పట్టాల మధ్య స్లీపర్ల మీద రేడియో తరంగాలతో చదవగల ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు బిగిస్తారు. ఇంజన్ అడుగున ఉన్న రీడరు వాటి మీదుగా వెళ్తున్నప్పుడు తాను ఏ మార్గంలో ఏ కిలోమీటరు వద్ద ఉందో చదువుకుంటుంది. ఒక ట్యాగుకూ మరో ట్యాగుకూ మధ్య చక్రాల భ్రమణాన్ని బట్టి దూరం లెక్కేసుకుంటుంది. స్టేషన్‌లో ఉన్న కవచ్ యంత్రం సిగ్నళ్ల స్థితిని, సిగ్నళ్లనూ పట్టాల మళ్లింపునూ ఒకదానికొకటి ముడివేసే ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ నుంచి తీసుకుని, రేడియో టవర్ల ద్వారా ఇంజన్‌కు పంపుతుంది. ఎంత దూరం వరకు వెళ్లడానికి అనుమతి ఉంది, ఏ వేగంతో వెళ్లవచ్చు అన్నది లోకో పైలట్ ముందున్న తెర మీద కనిపిస్తుంది. పొగమంచులో సిగ్నల్ స్తంభం కనిపించకపోయినా తెర మీద రంగు కనిపిస్తుంది. లోకో పైలట్ వేగం తగ్గించకపోతే మొదట హెచ్చరిక, తరవాత మామూలు బ్రేకు, చివరికి అత్యవసర బ్రేకు దానంతట అవే పడతాయి. లెవెల్ క్రాసింగ్ దగ్గర హారన్ మోగుతుంది. ప్రమాదం కనిపిస్తే ఎస్‌ఓఎస్ నొక్కి చుట్టుపక్కల రైళ్లను ఆపే వీలూ ఉంది. యూరప్ రైళ్లలోని ఈటీసీఎస్ వ్యవస్థ కూడా స్థూలంగా ఇదే పద్ధతిలో నడుస్తుంది. అక్కడ ట్యాగుల స్థానంలో బలీజ్ అనే పరికరాలు ఉంటాయి.

దీన్నిబట్టి కవచ్ ఎవరి పొరపాటుకు అడ్డు నిలుస్తుందో తెలుస్తుంది. ఎర్ర సిగ్నల్‌ను దాటిపోయే లోకో పైలట్ పొరపాటుకు, వేగం మించిన బండికి, ఒకే పట్టా మీదికి వచ్చిన రెండు రైళ్లకు. విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద 2023 అక్టోబరు 29న జరిగిన ప్రమాదం ఈ కోవలోదే. పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొని 14 మంది చనిపోయారు. పాడైన ఆటోమేటిక్ సిగ్నల్ వద్ద బండిని 2 నిమిషాలు ఆపి, ఆ తరవాత గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదలాలన్న నియమాన్ని వెనక రైలు పాటించలేదని ప్రాథమిక విచారణలో తేలింది. అక్కడ కవచ్ లేదు. ఉండి ఉంటే ఫలితం వేరుగా ఉండేదనడానికి గట్టి ఆధారం ఉంది.

ఒడిశాలోని బహనగా బజార్ సంగతి వేరు. 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ గంటకు 128 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ ఉంది. బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు మళ్లి ఉంది. బండి లూప్ లైనులోకి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. పక్కకు పడిన బోగీలు ఎదురుగా వస్తున్న మరో రైలు చివరి బోగీలకు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. లెవెల్ క్రాసింగ్ గేటు పనుల సందర్భంలోనూ అంతకుముందూ సిగ్నల్ సర్క్యూట్లను మార్చడంలో జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. ఆ మార్గంలోనూ కవచ్ లేదు. అయితే అది ఉన్నా ఈ ప్రమాదాన్ని ఆపుతుందని చెప్పే వీలు లేదు. కవచ్ తనకు కావలసిన సమాచారాన్ని ఇంటర్‌లాకింగ్ నుంచే తీసుకుంటుంది. దారి సరిగా ఉందని ఇంటర్‌లాకింగ్ చెబితే కవచ్ దాన్నే నమ్ముతుంది. లోకో పైలట్ కూడా అదే పచ్చ రంగును నమ్మాడు.

ఈ రెండు ప్రమాదాలను ఒకే గాటన కట్టి మాట్లాడడం వల్లే చర్చ దారి తప్పుతోంది. మొదటిదానికి మందు కవచ్. రెండోదానికి మందు సిగ్నల్ పనుల్లో క్రమశిక్షణ, పని ముగిశాక జరపాల్సిన పరీక్ష. పట్టా విరగడం, పట్టా మీద బండరాయి పడడం, ఏనుగులు అడ్డురావడం, బోగీ చక్రం దెబ్బతినడం వంటివి కవచ్ పరిధిలోకి రావు. వాటికి పట్టాల తనిఖీ, కంచెలు, వేరే సెన్సర్లు కావాలి.

మరో హద్దు కూడా ఉంది. పట్టా మీదా, స్టేషన్‌లోనూ, ఇంజన్‌లోనూ పరికరాలు ఉంటేనే కవచ్ పూర్తిగా పనిచేస్తుంది. కవచ్ ఉన్న ఇంజన్ కవచ్ లేని మార్గంలోకి వెళ్తే మామూలు ఇంజనే. అధికారిక అంచనా ప్రకారం మార్గానికి, స్టేషన్లకు కలిపి కిలోమీటరుకు సుమారు 50 లక్షల రూపాయలు, ఒక్కో ఇంజన్‌కు సుమారు 80 లక్షలు అవుతాయి. దేశంలో దాదాపు 69 వేల రూట్ కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. పట్టాల వైపు ఖర్చే 34 వేల కోట్లు దాటుతుంది. డబ్బు ఉన్నంత మాత్రాన ఒక్కసారిగా అయ్యే పనీ కాదు. టవర్లు కట్టాలి, ఆప్టికల్ ఫైబర్ వేయాలి, నడుస్తున్న రైళ్ల మధ్య ట్యాగులు బిగించాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణకు ప్రధాన కేంద్రం సికింద్రాబాద్‌లోని రైల్వే సిగ్నల్ శిక్షణ సంస్థ ఇరిసెట్. 2024 జులైలో ఆమోదం పొందిన 4.0 రూపం వచ్చాక రద్దీగా ఉండే ఢిల్లీ, ముంబయి, హౌరా మార్గాలకు ప్రాధాన్యం ఇచ్చారు. తొలి అడుగులు పడిన దక్షిణ మధ్య రైల్వేలో పాత రూపంలో పెట్టిన పరికరాలను కొత్త రూపానికి మార్చే పని కూడా దీనికి తోడవుతుంది. కవచ్ ఉన్న మార్గం, లేని మార్గం పక్కపక్కనే ఉండే ఈ మధ్యకాలమే ఎక్కువ జాగ్రత్త అవసరమైన కాలం. తెరకు అలవాటు పడిన లోకో పైలట్ తెర లేని మార్గంలోకి వెళ్లినప్పుడు సిగ్నల్ స్తంభాన్ని మునుపటిలాగే కళ్లతో వెతుక్కోవాలి.

తూటాకు, నేలకు

తూటాలను ఆపే జాకెట్ల గురించి ప్రజల్లో ఉన్న అపోహ ఇంకా పెద్దది. మన దేశంలో వాటికి ఐఎస్ 17051 అనే ప్రమాణం 2018లో వచ్చింది. అందులో రక్షణను స్థాయిలుగా విభజించారు. అడుగు స్థాయి జాకెట్ పిస్తోలు తూటాను ఆపుతుంది. పై స్థాయిది లోపల గట్టి ఉక్కు ఉన్న రైఫిల్ తూటాను తట్టుకోవాలి. పిస్తోలుకు తయారైన జాకెట్ వేసుకుని రైఫిల్‌కు ఎదురు నిలబడితే అది దాదాపు మామూలు చొక్కాతో సమానం.

మెత్తని జాకెట్‌లో అరమిడ్ నారతో నేసిన పొరలు ఉంటాయి. డూపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ 1965లో కనిపెట్టిన కెవ్లార్ ఆ జాతి నారే. తూటా తగిలినప్పుడు నారలు సాగి దాని శక్తిని చుట్టూ పంచుతాయి. రైఫిల్ తూటాకు అది చాలదు. అందుకు పింగాణీ జాతి గట్టి పలక కావాలి. పలక తాను పగులుతూ తూటా మొనను నుజ్జు చేస్తుంది. పగిలిన చోట మరో తూటా తగిలితే రక్షణ తగ్గుతుంది. తూటా లోపలికి దిగకపోయినా, జాకెట్ వెనక భాగం ఒంట్లోకి నొక్కుకుని పక్కటెముకలు విరగవచ్చు. అందుకే పరీక్షల్లో జాకెట్ వెనక మెత్తటి మట్టి దిమ్మ పెట్టి అది ఎంత లోతుకు నొక్కుకుందో కొలుస్తారు. అమెరికా ప్రమాణంలో ఆ హద్దు 44 మిల్లీమీటర్లు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ, భాభా అణు పరిశోధన కేంద్రం సాంకేతికతతో తయారు చేస్తున్న భాభా కవచ్‌లో బోరాన్ కార్బైడ్ పలకలు వాడడానికి కారణం బరువు తగ్గించడం. కిలో బరువు పెరిగిన కొద్దీ జవాను పరుగు తగ్గుతుంది. ఎండలో అలసట పెరుగుతుంది. దెబ్బను ఆపే శక్తీ, కదిలే శక్తీ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

రోడ్డు మీద హెల్మెట్ విషయంలో లెక్క మరోలా ఉంటుంది. పైన కనిపించే గట్టి డొల్ల కంటే లోపలి థర్మోకోల్ పొరే అసలు పని చేస్తుంది. తల నేలకు కొట్టుకున్నప్పుడు ఆ పొర నలిగి, తల ఆగేందుకు పట్టే సమయాన్ని పెంచుతుంది. మెదడుకు తగిలే దెబ్బ ఆ మేరకు తగ్గుతుంది. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ లేవదు. పైకి గీత కూడా కనిపించకపోయినా గట్టిగా కిందపడిన హెల్మెట్‌ను మార్చాలనడం అందుకే. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే మొదటి కుదుపుకే అది తల మీద నుంచి ఊడిపోతుంది. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించుకుని పోలీసు కనిపించినప్పుడు పెట్టుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఎంతో మందికి ఉంది. నెత్తిన లేని కవచం ఎంత మంచిదైనా ఒకటే. ఈ ఒక్క అలవాటు ఎన్ని ఇళ్లలో దుఃఖం నింపుతోందో ప్రభుత్వాసుపత్రుల అత్యవసర విభాగాలకు తెలుసు.

పెంకు విడిచే వేళ

కవచానికి చెల్లించే మూల్యం ప్రకృతిలో స్పష్టంగా కనిపిస్తుంది. తాబేలు డిప్పలో దాని వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఉంటాయి. ఒంటితో పాటే డిప్ప పెరుగుతుంది. అందువల్ల దాన్ని విడిచే అవసరం లేదు, విడిచి బయటికి రావడమూ సాధ్యం కాదు. రొయ్య, పీత పద్ధతి వేరు. వాటి పెంకు పెరగదు. ఎదగాలంటే పాత పెంకు వదిలి, మెత్తని ఒంటితో కొంతసేపు గడిపి, కొత్త పెంకు గట్టిపడే దాకా ఆగాలి.

గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల్లో వనామి రకం రొయ్యలు సాగు చేసే రైతులకు ఆ వేళ ఎంత ఆందోళనో తెలుసు. పెంకు వదిలిన రొయ్యను తోటి రొయ్యలే తినేస్తాయి. ఆ సమయంలో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది కాబట్టి ఏరేటర్లు ఆగకుండా చూడాలి. కొత్త పెంకు గట్టిపడడానికి కాల్షియం, మెగ్నీషియం వంటి ఖనిజాలు నీటిలో తగినంత లేకపోతే పెంకు ఒంటికి అతుక్కోక వదులుగా ఉండిపోతుంది. రైతులు లూజ్ షెల్ అనేది దాన్నే. అలాంటి సరుకుకు ధర పడిపోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడుతుంటే రొయ్యలు ఎక్కువగా పెంకు విడుస్తాయని లెక్కేసుకుని, చాలామంది రైతులు ముందే ఖనిజ లవణాలు చల్లుతారు, మేత తగ్గిస్తారు.

గింజల్లో ఇందుకు తలకిందులైన ఇబ్బంది ఉంది. సుబాబుల్ వంటి చెట్ల గింజల బీజకవచం ఎంత గట్టిదంటే నీటిని కూడా లోపలికి పోనివ్వదు. అలాగే నాటితే ఎంతో కాలం మొలవక పడి ఉంటాయి. అందుకే నర్సరీల్లో వాటిని కాసేపు వేడి నీళ్లలో ఉంచో, పైపొరను గీరో నాటుతారు. పురుగును ఆపిన కవచమే మొలకనూ ఆపుతోంది.

కాగితం మీది కవచం

బీమా రంగంలో ఈ మాట మరీ తేలిగ్గా వాడుకలోకి వచ్చింది. కరోనా కాలంలో, 2020 జులైలో, బీమా నియంత్రణ సంస్థ ఆదేశాలతో సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలన్నీ కరోనా కవచ్ అనే ప్రామాణిక పాలసీని తెచ్చాయి. 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు హామీ ఉండేది. కాలపరిమితి మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలలు. తీసుకున్న తొలి 15 రోజుల్లో వ్యాధి వస్తే వర్తించేది కాదు. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు ఉండాల్సి వచ్చేది. ఇంటి వద్ద చికిత్సకు 14 రోజుల వరకు ఖర్చు ఇచ్చేది. దీనికి తోడుగా వచ్చిన కరోనా రక్షక్ పాలసీ వేరే పద్ధతిది. అందులో ఖర్చుల బిల్లులతో నిమిత్తం లేకుండా మొత్తం హామీ సొమ్ము ఒకేసారి వచ్చేది, కానీ కనీసం 72 గంటలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చేది. పేర్లు రెండూ ఒకేలా ధ్వనిస్తాయి. రెండో పాలసీ తీసుకుని రెండు రోజుల్లో ఇంటికి వచ్చిన రోగికి దక్కేది ఏమీ లేదు.

ఇప్పుడు అమ్ముడవుతున్న సాధారణ ఆరోగ్య పాలసీల్లోనూ ఇలాంటి షరతులే ఉంటాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం, గది అద్దె మీద పరిమితి, కొన్ని శస్త్రచికిత్సలకు వేరే హద్దు, రోగి తన వాటాగా భరించాల్సిన శాతం. గది అద్దె పరిమితి మీద చాలామంది దృష్టి పడదు. పరిమితికి మించిన గది తీసుకుంటే అద్దెలో తేడా ఒక్కటే కాక, అదే నిష్పత్తిలో డాక్టరు ఫీజు వంటి ఇతర ఖర్చుల్లోనూ కోత పెట్టే పాలసీలు ఉన్నాయి. రోజుకు 5 వేల పరిమితి ఉన్నవారు 10 వేల గదిలో చేరితే ఆ ఖర్చుల్లో సగం సొంత జేబు నుంచే కట్టాల్సి రావచ్చు. పాలసీ పత్రంలో మినహాయింపులు అన్న శీర్షిక కింద ఉన్న పేజీలను చేరే రోజున ఆసుపత్రి బల్ల దగ్గర చదవడం కంటే, సంతకం పెట్టే రోజున ఏజెంటును పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో షరతు అడిగి తెలుసుకోవడం మేలు. పాలసీ చేతికి వచ్చాక నచ్చకపోతే వెనక్కి ఇచ్చేందుకు నియమాల్లో గడువు ఉంది. ఆ గడువు దాటకముందే ఈ పని ముగించాలి.